ఈదుకుంటూ వచ్చినవాడు

వానాకాలంలో పెతీ మార్తెల్ దీవికి దొరలు రారు. తుపానులంటే వాళ్ళకి హడలు. వాళ్ళు రాని ఆ నాలుగు నెలలే మన దీవులవాళ్ళకి అక్కడి రిసార్టుల్లో చోటు దొరికేది. ఆన్స్ నోయెల్ అనే చిన్న రేవులో, ఇసుక మీదే కట్టిన అయిదారు చెక్క ఇళ్ళు. ముందు సముద్రం, వెనక కొండ, మధ్యలో బాదం చెట్లు. ఊరు కొండకి అవతల ఉంది. పొద్దు వాలితే అలల చప్పుడు, కప్పల అరుపులు తప్ప ఇంకేమీ వినిపించదు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి, ఇద్దరమే ఎక్కడికైనా పోయి నాలుగు రోజులు కాళ్ళు చాపుకుని కూర్చుందామని మెర్లీన్, ఫెరన్ అక్కడికి వచ్చారు. గ్రెనడాలో, గ్రెన్విల్ బజారు వెనక మెర్లీన్‌కి జడలల్లే దుకాణం ఉంది. పొద్దస్తమానం నిలబడే పని. మనిషి పొడగరి, గట్టిది. తన చేతులు మగవాడి చేతుల్లా ఉంటాయని తనే నవ్వుతూ చెప్పుకుంటుంది. ఫెరన్ మినీబస్సు తోలతాడు. బక్కపల్చని మనిషి, మహా మాటకారి. అతని బస్సెక్కితే దారి తెలీదంటారు జనం.

అతనికి లోటంటూ ఉంటే ఒక్కటే. భయం. కిందటేడు తుపానుకి ఇంటికప్పు లేచిపోతున్నప్పుడు, తలుపు ఊడిపోకుండా మెర్లీన్ వీపు ఆనించి నిలబడింది. గాలి తగ్గేదాకా అలాగే నిలబడింది. ఫెరన్ మంచం కిందికి దూరి, ఆమె చీలమండ రెండు చేతులతో పట్టుకుని, "నన్ను వదిలి వెళ్ళకు మెర్లీ, నన్ను వదిలి వెళ్ళకు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరవాత ఆ కథ బస్సులో అందరికీ తనే చెప్పి నవ్వించాడు. "మా ఆవిడ ఇంటికి దూలం. నేను మంచం కింద చెప్పుల జత" అన్నాడు. జనం నవ్వారు. మెర్లీన్ కూడా నవ్వింది. నవ్విందే గాని, లోపల ఎక్కడో ఒక ముల్లు విరిగి ఉండిపోయింది.

మొదటి రెండు రోజులూ హాయిగా గడిచాయి. వంటకీ ఇల్లు ఊడవడానికీ మిస్ ఐడోనా అనే ఆవిడ కొండ దాటి వచ్చేది. పొద్దున్నే కోకో టీ, వేడివేడి రొట్టెలు, ఉప్పుచేప. మధ్యాహ్నం లంబీ అనే శంఖం మాంసంతో కూర. తిన్నాక చెట్టుకి కట్టిన వల ఉయ్యాలలో కునుకు. ఆ వానాకాలంలో అక్కడికి వచ్చింది వాళ్ళిద్దరే. మిగతా ఇళ్ళకి తాళాలు వేసి ఉన్నాయి.

మెర్లీన్ ఈతకి దిగితే ఇక బయటికి రాదు. ఫెరన్ మాత్రం అలలు వచ్చి పాదాలు తడిపేచోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రమ్ము గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు.

"దీవిలో పుట్టావు, మోకాలు లోతు దాటవేమయ్యా" అంది మిస్ ఐడోనా, తడిబట్టలు ఆరేస్తూ.

"సముద్రం అత్తగారిలాంటిది మిస్ ఐడోనా. దూరం నుంచి దణ్ణం పెడితే మర్యాద దక్కుతుంది. ఒళ్ళో కూర్చుంటానంటే మింగేస్తుంది."

"మీ అత్తగారు వింటే ఏమనుకుంటుందో."

"ఆవిడ పోయింది పాపం. అందుకే ఇంత ధైర్యంగా అంటున్నా."

మిస్ ఐడోనా నోటికి కొంగడ్డుపెట్టినట్టు తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. నీళ్ళలోంచి మెర్లీన్ ఆ నవ్వు విన్నది. నా మొగుడు ఎవర్నయినా నవ్విస్తాడు, అనుకుంది. ఆ వెంటనే, అదొక్కటే చేతనవును, అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

రెండో రోజు పొద్దుగూకుతుండగా ఆమె చాలా దూరం ఈదింది. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఆకాశం ఎర్రబడి, ఆ ఎరుపంతా నీళ్ళలోకి దిగింది. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున ఫెరన్ బొటనవేలంత కనిపించాడు. అంత అందం తనొక్కతే చూస్తున్నందుకు ఆమెకి దిగులేసింది.

"ఫెరన్" అని పిలిచింది. "ఇలా రా. లోతు లేదు."

అబద్ధం. కాళ్ళ కింద నేల ఎప్పుడో పోయింది.

అతను చెయ్యి ఊపాడు. రాలేదు.

చిన్నప్పుడు మెర్లీన్‌కి వాళ్ళ అమ్మమ్మ ఒక మాట చెబుతుండేది. పొద్దుగూకాక నీళ్ళలోంచి ఎవర్నీ పేరుపెట్టి పిలవకూడదే పిల్లా. ఓయ్ అను, ఇదిగో అను, ఈల వెయ్యి. పేరు మాత్రం నీళ్ళమీద పడనివ్వకు. నీళ్ళకి చెవులున్నాయి. పేరు లేనివాళ్ళు అందులో చాలామంది ఉన్నారు. ఆ మాట మెర్లీన్‌కి గుర్తుంది. కానీ ముసలమ్మల మాటలు పట్టించుకునే వయసు దాటిపోయిందనుకుంది.

"ఫెరన్" అంది మళ్ళీ, గట్టిగా.

అతను మోకాలు లోతు దాకా వచ్చి ఆగిపోయాడు. ఒక అల తొడలకి తగలగానే వెనక్కి తగ్గాడు.

"ఫెరన్, జన్మకి ఒక్కసారి నాకోసం ధైర్యంగా ఒక్క పని చెయ్యి. ఒక్కసారి. ఈదుకుంటూ నా దగ్గరికి రా."

ఆ మాట నీళ్ళ మీద జారుకుంటూ పోయింది. ఒడ్డుకి చేరిందని ఆమెకి తెలుసు, ఎందుకంటే ఫెరన్ తలదించుకుని, కుర్చీ ఎత్తుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కానీ ఆ మాట అటువైపు కూడా పోయింది. వెనక్కి. లోతుకి. ఆమె చుట్టూ నీళ్ళు ఉన్నట్టుండి చల్లబడ్డాయి. పాత శంఖాల్లో కుళ్ళిన మాంసం వాసన ఒకటి పైకి తేలి, మళ్ళీ మునిగిపోయింది. ఆమె వెనక్కి చూడకుండా ఒడ్డుకి ఈదుకొచ్చేసింది.

ఆ రాత్రి పడుకునే ముందు ఫెరన్ గోడవైపు తిరిగి, "నేనింతే మెర్లీ" అన్నాడు. "తెలుసులే" అంది ఆమె. ఓదార్పుగానే అంది. కానీ అలా వినిపించలేదు.

మూడో రోజు తెల్లారిందో లేదో వాన పట్టుకుంది. కొండమీద నుంచి ఎర్రనీళ్ళు దిగి కాలిబాట వాగైపోయింది. మిస్ ఐడోనా పొద్దున్నే వచ్చి, పెద్ద గిన్నెడు ఆయిల్ డౌన్ వండిపెట్టింది. కొబ్బరిపాలల్లో సీమపనస ముక్కలు, ఉప్పుమాంసం, ఆకుకూర మెత్తగా ఉడికి, ఇల్లంతా కమ్మగా వాసన నిండింది. "వాగు పెరిగితే రేపు నేను రాలేను. పడవ మాత్రం పొద్దున వస్తుంది. మీకేం భయం లేదు" అని చెప్పి, నెత్తిన గోనెపట్టా కప్పుకుని వెళ్ళిపోయింది.

వానకి ఇద్దరి మధ్య బిగింపు కాస్త సడలింది. తిన్నారు, రమ్ము తాగారు, పేకాడుకున్నారు. ఫెరన్ దొంగాట ఆడి దొరికిపోయాడు. మెర్లీన్ పగలబడి నవ్వింది. మధ్యాహ్నం దాటాక అతను పడకగదిలో నిద్రపోయాడు. ఆమె వరండాలో కూర్చుని, వాన చూస్తూ, తన జడ తనే విప్పుకుని అల్లుకుంటోంది.

పొద్దుగూకేవేళకి వాన పల్చబడింది. సముద్రం బూడిదరంగులో ఉంది. కరెంటు రెండుసార్లు మినుకుమని పోయింది. మెర్లీన్ లాంతరు వెలిగించి పక్కన పెట్టుకుంది.

అప్పుడు కనిపించాడు.

చాలా దూరాన, అలలకి అవతల, ఎవరో ఈదుతున్నారు. చేతులు పొడుగ్గా చాపి, తొందర లేకుండా, తిన్నగా ఒడ్డువైపు. ఆ గాలికి, ఆ అలలకి జాలర్లే దిగరు. ఆమె లేచి నిలబడింది. తల మునిగింది. లేచింది. మళ్ళీ మునిగింది. అలలు విరిగేచోటికి వచ్చాక ఆ మనిషి నిలబడి, నడుము లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. నీలం నిక్కరు. బక్కపల్చని ఒళ్ళు. ఎడమ భుజం కాస్త ఎత్తుగా పెట్టి నడిచే ఆ నడక.

"ఫెరన్?" అంది మెర్లీన్.

అతను నవ్వుతూ మెట్లెక్కాడు. నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎప్పుడు లేచాడు, ఎప్పుడు వెనక తలుపులోంచి వెళ్ళి నీళ్ళలో దిగాడు అని ఆమె మనసు లెక్కలు వేస్తోంది గాని, కళ్ళముందున్న మనిషిని చూస్తే గుండె పొంగిపోయింది.

"నువ్వు పిలిచావుగా" అన్నాడు.

ఆమెని రెండు చేతులతో ఎత్తేశాడు. ఆమెని. ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తలేడు కూడా. మెర్లీన్ నవ్వుతూ అతని మెడ చుట్టూ చేతులు వేసింది. ఒళ్ళు చల్లగా ఉంది. వానలో తడిసినవాడి చలి కాదు. నేలబావి అడుగురాయి చలి. అంత దూరం ఈదుకొచ్చినవాడు రొప్పడం లేదు. ఆమె చెవి అతని ఛాతీకి ఆనుకుని ఉంది. ఎక్కడో దూరంగా సముద్రం హోరు మాత్రం వినబడుతోంది... శంఖంలో వినబడినట్టు.

లోపల గదిలో ఎవరో దగ్గారు. మంచం కిర్రుమంది.

"మెర్లీ" నిద్రగొంతు. "ఎవరితో మాట్లాడుతున్నావ్?"

మెర్లీన్ తనని ఎత్తుకున్న మనిషి ముఖంలోకి చూసింది. నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం గదివైపు తిరిగాయి.

గుమ్మంలో ఫెరన్ నిలబడి ఉన్నాడు. అదే నీలం నిక్కరు. చెంప మీద దిండు ముడతలు. కళ్ళు నులుముకుంటూ చూశాడు.

సముద్రంలోంచి వచ్చినవాడు ఆమెని మెల్లగా, జాగ్రత్తగా కింద దింపాడు. గాజుబొమ్మని దింపినట్టు. తరవాత ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి పోయి, ఫెరన్ తల రెండు చేతులతో పట్టుకుని, ద్వారబంధానికేసి బాదాడు.

ఎండుకొబ్బరి పగిలిన చప్పుడు. ఫెరన్ అరవలేదు. అరిచేలోపే రెండోసారి బాదాడు. ముక్కు చితికి, నెత్తురు గుమ్మం మీద చిమ్మింది. ఫెరన్ కింద పడి, పాక్కుంటూ గదిలోకి, బల్ల కిందికి దూరబోయాడు. వాడు కాలు పట్టి బయటికి లాగాడు. ఫెరన్ గోళ్ళు చెక్కనేల మీద బరబరా గీసుకుపోయాయి. ఒక గోరు అక్కడే ఊడిపోయింది.

ఊపిరాడక, చావు తప్పదని తెలిసి, ఫెరన్ తిరగబడ్డాడు. చేతికందిన రమ్ముసీసా తీసి వాడి ముఖం మీద పగలగొట్టాడు. వాడి చెవి సగం తెగి వేలాడింది. వాడు ఆగలేదు. వంగి ఫెరన్ భుజం కొరికాడు. పళ్ళు దిగిన చప్పుడు మెర్లీన్‌కి వినిపించింది. ఫెరన్ కూడా వాడి చెవినే పళ్ళతో పట్టుకుని పీకాడు. ఇద్దరూ పెనవేసుకుని వరండాలోకి దొర్లారు. లాంతరు కాలికి తగిలి పగిలింది. వెలుగు పోయింది.

మెర్లీన్ వంటగదిలోకి పరిగెత్తింది. చీకట్లో గోడ తడుముకుని, కొబ్బరిబొండాలు కొట్టే కత్తి తీసుకుని బయటికి వచ్చేసరికి వరండాలో ఎవరూ లేరు. మెట్ల కింద, ఇసుకలో, వానలో దొర్లుతున్నారు. వాన మళ్ళీ ఉధృతమైంది. ఒక మెరుపు మెరిసింది.

ఇద్దరు ఫెరన్‌లు.

ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు. ఇద్దరికీ ఇసుక, నెత్తురు. ఒకడి గోళ్ళు రెండోవాడి కళ్ళలో. చెవి ఎవరిది తెగింది, ముక్కు ఎవరిది చితికింది... చూడబోతే ఇద్దరికీ చెవి లేదు. ఇద్దరి ముక్కూ చితికే ఉంది. ఒకడికి తగిలిన దెబ్బ రెండోవాడి ఒంటిమీద కూడా కనిపిస్తోంది. మెరుపు పోయింది. చీకట్లో ఎముక మీద ఎముక తగిలే చప్పుడు.

"ఫెరన్" అంది ఆమె కత్తి బిగించి పట్టుకుని. "ఇద్దర్లో ఎవరు నువ్వు?"

"నేనే" అన్నాయి రెండు గొంతులు. ఒక్కసారే. ఒక్క గొంతులా.

"మీ అమ్మ నిన్నేమని పిలిచేది?"

"బూబూ."

ఒక్క గొంతు. ఒక్క క్షణం కూడా తేడా లేదు.

వాళ్ళు దొర్లుతూ నీళ్ళలోకి పోయారు. ఆమె వెనకే మోకాలు లోతులోకి దిగింది. అల వచ్చినప్పుడల్లా ఒకడు పైకి, ఒకడు కిందికి. పైనున్నవాడు కిందున్నవాడి గొంతు పిసుకుతాడు. అల తిరిగితే కిందున్నవాడు పైకి వచ్చి వాడి తల నీళ్ళలో తొక్కుతాడు. బుడగలు. దగ్గు. ఎవడో నీళ్ళు కక్కుకుంటున్నాడు. ఆమె కత్తి ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. ఎవర్ని?

మెరుపు.

కుడివైపువాడు ఆమెని చూశాడు. ముఖం వంకర్లు పోతోంది. నోట్లో నెత్తురు, ఉప్పునీళ్ళు. "మెర్లీ... వాణ్ణి కొట్టు... నన్ను కాపాడు" ఏడుస్తున్నాడు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "నన్ను వదిలి వెళ్ళకు... నన్ను వదిలి..."

ఎడమవైపువాడు వాడి మెడ చుట్టూ చెయ్యి బిగించి ఆమెవైపు చూశాడు. కంగారు లేదు. కళ్ళలో ప్రేమ తప్ప ఏమీ లేదు.

"నువ్వు పరిగెత్తు, దూదూ" అన్నాడు మెల్లగా. "ఊళ్ళోకి పో. నాకేమైనా పర్లేదు. నువ్వు వెళ్ళేదాకా వీణ్ణి నేను పట్టుకుంటా."

ముద్దొచ్చినప్పుడు ఫెరన్ ఆమెని అలాగే పిలుస్తాడు. దూదూ అని.

మెర్లీన్ ఇక ఆలోచించలేదు. ఏడుస్తున్నవాడి మెడ మీద కత్తి వేసింది.

కత్తి ఎముకలో దిగబడింది. కాలు వాడి ఛాతీకి ఆనించి పీకింది. మళ్ళీ వేసింది. మళ్ళీ. ఆ చేతులకి బలం ఎక్కడిదో ఆమెకే తెలీదు. నెత్తురు ముఖాన చిమ్మింది. పెదాల మీద పడింది. వేడిగా ఉంది. చాలా వేడిగా ఉంది... వాడు రెండు చేతులూ నీళ్ళ అడుగునుంచి చాపి, ఆమె చీలమండ పట్టుకున్నాడు. గట్టిగా. రెండు చేతులతో.

ఆ పట్టు ఆమె చర్మానికి తెలుసు.

కత్తి చేతిలోంచి జారిపోయింది. ఆమె వంగింది, ఆ ముఖం పట్టుకుందామని. నోరు కదులుతోంది. మాట రావడం లేదు, మెడలోంచి గాలి మాత్రం వస్తోంది. ఒక పెద్ద అల వచ్చి ముగ్గుర్నీ కప్పేసింది. అల వెనక్కి తీసేసరికి ఆమె చీలమండ ఖాళీగా ఉంది. నీళ్ళు నల్లగా ఉన్నాయి. శవం లేదు.

"పోయింది" అన్నాడు మిగిలినవాడు, వెనకనుంచి ఆమె భుజాల మీద చేతులు వేసి. "ఇక రాదు."

ఆమెని ఎత్తుకుని ఇంట్లోకి తీసుకొచ్చాడు. కొవ్వొత్తి వెలిగించాడు. ఆమె ముఖం తడిగుడ్డతో తుడిచాడు, జుట్టులో ఇసుక దులిపాడు, దుప్పటి కప్పాడు. నీళ్ళలోకి మళ్ళీ దిగి, వెతికి, కత్తి తెచ్చి, కడిగి, వంటగదిలో దాని చోట దాన్ని పెట్టాడు. అన్నీ నిదానంగా, ఒద్దికగా చేశాడు. చెయ్యి వణకలేదు. మెర్లీన్ గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని చూస్తూ కూర్చుంది. పారిపోదామంటే వాగు అడ్డం. పారిపోవాలా? ఇతను ఫెరనే అయితే? ప్రాణానికి తెగించి తనని కాపాడిన మొగుణ్ణి వదిలి పారిపోవాలా? కాకపోతే... ఆ కాకపోతే దగ్గరికి వచ్చేసరికి ఆమె బుర్ర ఆగిపోతోంది.

"చెవికి మందు రాయనా?" అంది చివరికి.

అతను కొవ్వొత్తి దగ్గరికి ముఖం తెచ్చాడు. చెవి తెగినచోట నెత్తురు లేదు. కడిగిన చేపముక్కలా తెల్లగా ఉంది. అంతసేపు వానలో, ఉప్పునీళ్ళలో నానితే ఎవరిదైనా అలాగే ఉంటుందేమో. ఆమెకి తెలీదు.

"ఫెరన్."

"ఊ."

"తుపాను రోజు... మంచం కింద... నువ్వు నాతో ఏమన్నావ్?"

అతను చిన్నగా నవ్వాడు.

"అవన్నీ ఇప్పుడెందుకు. ఇకమీదట నేను ఏ మంచం కిందికీ దూరను. నీకు కావలసింది అదే కదా, దూదూ?"

పక్కన కూర్చుని ఆమె తల తన భుజం మీదికి తీసుకున్నాడు. మెర్లీన్ కదల్లేదు. కొవ్వొత్తి కరిగి ఆరిపోయేదాకా, ఆరిపోయాక కూడా, కళ్ళు తెరుచుకునే ఉంది. తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎంత కడిగినా నెత్తురు వాసన పోలేదు. బస్సు ఇంజనునూనె వాసన కూడా అందులో కాస్త కలిసినట్టనిపించింది. అనిపించిందో, నిజమో.

తెల్లారేసరికి వాన వెలిసింది. ఎండ కళ్ళు చెదిరేలా కాసింది. ఇసుక మీద నెత్తురు లేదు, అడుగుల జాడలు లేవు. సముద్రం ఏమీ ఎరగనట్టు ఒడ్డుని నాకుతోంది. అతను గిన్నెలో మిగిలిన కూరంతా చల్లగానే తిన్నాడు. గిన్నె అడుగు గోకి తిన్నాడు. సంచులు రెండూ తనే మోశాడు. ఒడ్డు వెంట చుట్టూ తిరిగి, రాళ్ళు దాటి, పడవ ఆగే చోటికి నడిచారు. తోవలో ఒకచోట నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. అతను ఆమెని భుజాన ఎత్తుకుని దాటించాడు.

గ్రెనడా వెళ్ళే పడవ వచ్చింది. సంతరోజు కావడంతో నిండా జనం. అరటిగెలలు, కోళ్ళ బుట్టలు, జాజికాయ బస్తాలు. ఆడవాళ్ళు ఒకర్నొకరు ఆటపట్టించుకుంటున్నారు, ఎవరో పాట పాడుతున్నారు. మనుషుల గొంతులు వినగానే మెర్లీన్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. కుడివైపు బెంచీ మీద ఇరుక్కుని ఇద్దరూ కూర్చున్నారు. అతను ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

పడవ రేవు దాటిందో లేదో, పక్కన కూర్చున్న చేపలావిడ పాట ఆపేసింది. అతని వైపు చూడలేదు. ఏమీ అనలేదు. బుట్ట ఎత్తుకుని లేచి ఎడమవైపుకి వెళ్ళి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకావిడ. ఆ వెనక టోపీ పెట్టుకున్న ముసలాయన, నోట్లో పైపు వెలిగించకుండానే. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఒకర్నొకరు చూసుకోలేదు. వాన వస్తే చూరు కిందికి జరిగినట్టు, ఒక్కొక్కరే లేచి, కోళ్ళు, బస్తాలు, చంటిపిల్లలు సహా అవతలివైపుకి జరిగిపోయారు. చోటు చాలక ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. పడవలో మాటలు అణిగిపోయాయి.

కుడివైపు బెంచీలన్నీ ఖాళీ. వాళ్ళిద్దరే.

"ఏమయ్యా, అందరూ ఒక్కపక్కనే కూర్చుంటే ఎలా" అని విసుక్కుంటూ సరంగు లోపలికి వచ్చాడు. జనాన్ని చూశాడు. ఇటు తిరిగి బెంచీ మీద ఉన్న ఇద్దర్నీ చూశాడు. వెనక్కి వెళ్ళిపోయాడు.

అవతలివైపు, చేపలావిడ తన పక్కన కాస్త చోటు చేసింది. మెర్లీన్ కళ్ళలోకి చూస్తూ, ఆ చోటు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"వెళ్తావా?" అన్నాడు అతను, సముద్రం వైపు చూస్తూ. గొంతులో కోపం లేదు. ఆమె చేతిని పట్టుకున్న చెయ్యి బిగించలేదు, వదల్లేదు.

మెర్లీన్ లేవబోయింది. లేచేందుకు కాలు ఊనింది. అప్పుడు ఆమె పాదాలకి తడి తగిలింది. కిందికి చూసింది. పడవ ఒరిగి, అంచు మీదినుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. జనమంతా అవతలివైపు ఉన్నారు. బస్తాలు, బుట్టలు అన్నీ అవతలే ఉన్నాయి.

అయినా పడవ, వాళ్ళిద్దరూ కూర్చున్న వైపుకే ఒరుగుతోంది.